నొక్కకపోయినా పనిచేసే బటన్: లైక్, షేర్ గుర్తుల దగ్గర మీ వివరాలను కాపాడుకోవడం ఎలా?

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చేసే మా చిన్నాన్న రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఫోను నా చేతికిచ్చారు. పొద్దున ఏదో వెబ్‌సైట్‌లో ఏరేటర్ల (చెరువు నీటికి గాలి అందించే యంత్రాల) ధరలు చూస్తే, మధ్యాహ్నానికే తన సోషల్ మీడియా యాప్ నిండా ఏరేటర్ల ప్రకటనలే వచ్చాయట. "నేను ఊరికే చూశానబ్బయ్యా, ఒక్కదాన్నీ నొక్కలేదే" అన్నారు. ఆయన మాట నిజమే. ఆ వెబ్‌సైట్ పేజీ అడుగున లైక్ బటన్ ఒకటి ఉంది, ఆయన దాన్ని తాకలేదు. కానీ ఆ బటన్ పనిచేయడానికి తాకనవసరం లేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఆయన ఫోనులో చేసిన మార్పులనూ, తర్వాత నేను తెలుసుకున్న మరికొన్నింటినీ, మీరు కూడా చేసుకోవడానికి వీలుగా వరుసగా రాస్తున్నాను. తీరికగా కూర్చుంటే గంట పని.

ముందుగా ఆ బటన్ సంగతి. మీరు తెరిచిన పేజీలోని రాతలు, బొమ్మలు ఆ వెబ్‌సైట్ వారి సర్వర్ (దాన్ని నడిపే కంప్యూటర్) నుంచి వస్తాయి. అందులో అతికించిన లైక్ బటన్ మాత్రం ఫేస్‌బుక్ సర్వర్ నుంచి రావాలి. దాన్ని తెచ్చి చూపడానికి మీ బ్రౌజర్, అంటే వెబ్‌సైట్లు తెరిచే యాప్, ఆ సర్వర్‌ను అడుగుతుంది. అడిగేటప్పుడు ఏ పేజీ కోసం అడుగుతున్నదీ, మీ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో మీ చిరునామా) ఏమిటో చెబుతుంది; అంతకు ముందు ఫేస్‌బుక్ మీ బ్రౌజర్‌లో దాచిన కుకీ అనే చిన్న గుర్తింపు చీటీ ఉండి, దాన్ని అడ్డుకునే ఏర్పాటు లేకపోతే దాన్ని కూడా అందిస్తుంది. అదే బ్రౌజర్‌లో మీరు ఫేస్‌బుక్‌లోకి లాగిన్ అయి ఉంటే, ఆ కుకీ వల్ల మీరెవరో కూడా తెలిసిపోతుంది. బటన్ తెర మీద కనిపించే సమయానికే ఇదంతా పూర్తవుతుంది. నొక్కడం, నొక్కకపోవడం ఆ తర్వాతి సంగతి.

ఫేస్‌బుక్‌లో లైక్ బటన్ 2009 ఫిబ్రవరిలో వచ్చింది, బయటి వెబ్‌సైట్లు దాన్ని తమ పేజీల్లో అతికించుకునే వీలు 2010 ఏప్రిల్‌లో వచ్చింది. బయటి వెబ్‌సైట్లలోని లైక్, కామెంట్ బటన్లను 2026 ఫిబ్రవరి 10న నిలిపివేస్తామని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది. ఇక గొడవ తీరినట్టేనని అనుకోకండి. ఆ బటన్ లాగే మనల్ని గమనించే పనిని, తాను కంటికి కనిపించకుండానే చేసే పిక్సెల్ అనే చిన్న కోడు లెక్కలేనన్ని దుకాణాల, వార్తా సంస్థల, ఆసుపత్రుల వెబ్‌సైట్లలో ఉంది, దాన్ని తీసివేస్తామని ఎవరూ ప్రకటించలేదు. బటన్ ఉన్నప్పుడు కనీసం అక్కడ ఎవరో ఉన్నారని తెలిసేది.

మొదటి పని: ప్రకటనను అడగండి

ఏ సెట్టింగూ మార్చకముందు, మీకు వచ్చిన ఒక ప్రకటనను పట్టుకుని అది ఎందుకు వచ్చిందో చూడండి. ఫేస్‌బుక్‌లోగానీ ఇన్‌స్టాగ్రామ్‌లోగానీ ప్రకటన పక్కన ఉన్న మూడు చుక్కలను నొక్కితే "వై యామ్ ఐ సీయింగ్ దిస్ యాడ్" అనే వరుస ఉంటుంది. మీ వయసు, మీరున్న ఊరు, మీరు చూసిన పేజీలు, ప్రకటనదారు తన దగ్గరున్న జాబితాను ఎక్కించడం వంటి కారణాలు అక్కడ కనిపిస్తాయి. అన్ని కారణాలూ చెప్పరు, చెప్పినవి కూడా పొడిపొడిగా ఉంటాయి. అయినా నాలుగైదు ప్రకటనలకు ఇలా చూస్తే, మీ విషయంలో ఏ దారి ఎక్కువగా పనిచేస్తున్నదో తెలుస్తుంది. కొందరికి పాత లైకులు ముఖ్య కారణమైతే, మరికొందరికి బయటి వెబ్‌సైట్లు కారణమవుతాయి. తర్వాతి పనుల్లో దేని మీద ఎక్కువ సమయం పెట్టాలో దీన్నిబట్టి నిర్ణయించుకోవచ్చు.

ఇక్కడ ప్రకటన ఇచ్చేవారి వైపు నుంచి కూడా కొంత చెప్పాలి. నెల్లూరులో వెంకటగిరి చీరలు అమ్మే మా బంధువుల దుకాణానికి పండగల ముందు ప్రకటనలు పెట్టేది నేనే కాబట్టి, ఆ తెర నాకు బాగా పరిచయం. నెల్లూరు నగరం, దాని చుట్టూ ఇన్ని కిలోమీటర్లు, ఇంత వయసువారు, చేనేత మీద ఆసక్తి ఉన్నవారు అని ఎంచుకోవచ్చు. అంతకన్నా పదునైన ఎంపిక మరొకటి ఉంది. గత 365 రోజుల్లో మా పేజీలో ఏ పోస్టుకైనా లైక్ కొట్టినవారు, కామెంట్ రాసినవారు, సేవ్ చేసుకున్నవారు అందరినీ ఒక గుంపుగా చేసి వారికి మాత్రమే ప్రకటన చూపవచ్చు. ఆ గుంపులో ఒకే దేశానికి చెందినవారు కనీసం 100 మంది ఉంటే, వారిని పోలినవారిని దేశమంతటా వెతికి చూపమని కూడా అడగవచ్చు. అంటే కావలిలో ఒకావిడ ఒక చీర ఫోటోకు కొట్టిన లైక్, ఆమెకు ఏమాత్రం పరిచయం లేని ఒంగోలు మనిషికి ప్రకటన చేరడానికి ఆధారమవుతుంది. ప్రకటన గుంపులో ఉన్నవారి పేర్లు నాకు కనిపించవు. అయితే పోస్టు కింద లైక్ కొట్టినవారి పేర్లు మామూలుగానే కనిపిస్తాయి, వారిని పేజీలోకి ఆహ్వానించవచ్చు కూడా. వ్యాపారిగా ఇది నాకు ఎంతో లాభమని దాచకుండా ఒప్పుకుంటాను. అందుకే, పాఠకుడిగా మీరు తెలిసి ఇవ్వాలనే ఇదంతా చెబుతున్నాను.

రెండవ పని: బయటి నుంచి వచ్చే సమాచారాన్ని విడదీయండి

అన్నిటిలోకీ ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదేనని నా అభిప్రాయం. ఒక్క పనికి మాత్రమే ఓపిక ఉంటే ఇదే చేయండి. ఫేస్‌బుక్ యాప్‌లో సెట్టింగ్స్ తెరిచి, అకౌంట్స్ సెంటర్‌లోకి వెళ్లి, "యువర్ ఇన్ఫర్మేషన్ అండ్ పర్మిషన్స్" నొక్కితే, లోపల "యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్" అనే పేరు కనిపిస్తుంది. ఈ పేర్లు అప్పుడప్పుడు మారుతుంటాయి, చోటు మాత్రం ఇంచుమించు ఇదే. 2020 జనవరి నుంచి ప్రపంచమంతటా అందుబాటులో ఉన్న ఈ జాబితాలో, మీ గురించి ఏయే వెబ్‌సైట్లు, యాప్‌లు మెటాకు సమాచారం పంపాయో పేర్లతో సహా ఉంటుంది. మొదటిసారి చూసేవారికి కొంత ఆశ్చర్యం తప్పదు. బస్సు టికెట్ కొన్న యాప్, మందులు తెప్పించుకున్న యాప్, ఎప్పుడో ఒక్కసారి తెరిచిన రుణాల యాప్ అన్నీ అక్కడ వరుసగా కనిపించవచ్చు.

జాబితాను ఒకసారి చదివాక, "క్లియర్ ప్రీవియస్ యాక్టివిటీ" నొక్కి పాతదాన్ని మీ ఖాతా నుంచి విడదీయండి. అక్కడితో ఆగితే రేపటి నుంచి జాబితా మళ్లీ నిండుతుంది కనుక, "మేనేజ్ ఫ్యూచర్ యాక్టివిటీ" లోకి వెళ్లి ఇకపై వచ్చేదాన్ని కూడా విడదీయమని ఎంచుకోండి. ఇలా చేస్తే, ఫేస్‌బుక్ ఖాతాతోనే లాగిన్ అయ్యే ఆటలు, షాపింగ్ యాప్‌లు పనిచేయకుండా పోవచ్చు. కాబట్టి అలాంటివి ఏమున్నాయో ముందే చూసుకుని, వాటికి మెయిల్ ఐడీతోగానీ ఫోను నంబరుతోగానీ వేరే లాగిన్ పెట్టుకున్నాక ఈ పని చేయండి. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. విడదీసిన తర్వాత కూడా ఆ వెబ్‌సైట్లు సమాచారం పంపడం ఆపవు, మెటా దాన్ని మీ ఖాతాకు కలపడం మాత్రమే ఆపుతుంది. ప్రకటనల సంఖ్య కూడా తగ్గదు, అవి మీకు అంత సరిగ్గా అతకవు, అంతే.

మూడవ పని: మీ పేరు ప్రకటనల్లో వాడకుండా చూడండి

అదే అకౌంట్స్ సెంటర్‌లో "యాడ్ ప్రిఫరెన్సెస్" అనే భాగం ఉంటుంది. అందులో ప్రకటన భాగస్వాముల నుంచి వచ్చే సమాచారాన్ని మీ మీద వాడవచ్చా అన్న ప్రశ్నకు వద్దని చెప్పండి. ఆ తర్వాత "సోషల్ ఇంటరాక్షన్స్" అనే వరుసను తెరవండి. మీరు ఏదైనా దుకాణం పేజీకి లైక్ కొట్టి ఉంటే, ఆ దుకాణం ప్రకటన మీ స్నేహితులకు కనిపించేటప్పుడు "ఫలానావారు దీన్ని ఇష్టపడ్డారు" అని మీ పేరు కూడా పక్కన చేరవచ్చు. దాన్ని "ఓన్లీ మీ" అని మార్చండి. ఇది చిన్న విషయమేమీ కాదు. 2011లో ఫేస్‌బుక్ ఇలాంటి లైకులను "స్పాన్సర్డ్ స్టోరీస్" పేరుతో నేరుగా ప్రకటనలుగా మార్చినప్పుడు, తమ పేర్లను అనుమతి లేకుండా వాడారని అమెరికాలో కొందరు కోర్టుకు వెళ్లారు. 2013లో 2 కోట్ల డాలర్లతో ఆ కేసు రాజీ అయింది.

నాలుగవ పని: పాత లైకులను ఏరివేయండి

పదేళ్లుగా కొట్టిన లైకులన్నీ యాక్టివిటీ లాగ్‌లో ఉంటాయి. ఫేస్‌బుక్‌లో మీ ప్రొఫైల్ దగ్గరి మూడు చుక్కల్లో యాక్టివిటీ లాగ్ తెరిచి, లైక్స్ అండ్ రియాక్షన్స్ భాగంలో ఒక్కొక్కటీ గానీ, కొన్నిటిని కలిపి గానీ తీసివేయవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో "యువర్ యాక్టివిటీ" లో లైక్స్ తెరిచి, కావలసినవి ఎంచి అన్‌లైక్ చేయవచ్చు. అన్నీ తీసేయాలని కూర్చుంటే తెల్లవారుతుంది, అందువల్ల పోస్టుల సంగతి పక్కనబెట్టి పేజీల మీద దృష్టి పెట్టండి. పోస్టుకు కొట్టిన లైక్ ఆ పూటది. పేజీకి కొట్టిన లైక్ మాత్రం మీ అభిరుచి గురించి మీరు రాసి ఇచ్చిన పత్రం లాంటిది.

లైకులు ఎంత చెబుతాయో తెలియాలంటే ఒక పరిశోధన చూడాలి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందినవారు ముఖ్యంగా చేసిన అధ్యయనం ఒకటి 2013లో అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. 58,000 మందికి పైగా స్వచ్ఛందంగా ఇచ్చిన లైకులు మాత్రమే చూసి, ఆ వ్యక్తి ఆడా మగా అన్నది 93 శాతం, అమెరికాలోని రెండు పార్టీలలో ఏది అభిమానిస్తారన్నది 85 శాతం సరిగ్గా ఊహించగలిగారు. అదే బృందంలోని వారు 2015లో మరో మెట్టు ఎక్కారు. 10 లైకులుంటే కంప్యూటర్ మన స్వభావాన్ని తోటి ఉద్యోగి కన్నా బాగా, 300 లైకులుంటే భార్యాభర్తల కన్నా బాగా అంచనా వేస్తుందని చూపారు. గమనించండి, ఆ లైకుల్లో రాజకీయ పార్టీల పేజీలు ఉండనవసరం లేదు. తినేవి, వినేవి, చూసేవి చాలు. మతం, ఆరోగ్యం, రాజకీయం వంటి సున్నితమైన విషయాల మీద నేరుగా జనాన్ని ఎంచుకునే వీలును మెటా 2022 జనవరిలో ప్రకటనదారులకు తీసివేసింది. కానీ మీ లైకులను చదివి ప్రకటన ఎవరికి చూపాలో నిర్ణయించే పని ఇప్పుడు చాలావరకు యంత్రానిదే, ఆ యంత్రం ఏ వరుసలో ఏమి ఊహిస్తున్నదో మనకు కనిపించదు.

పేజీలను ఏరేటప్పుడు ఒక రకం మీద ప్రత్యేకంగా కన్నేయండి. పెంచలకోన నరసింహస్వామి ఫోటోనో, రొట్టెల పండుగ నాటి స్వర్ణాల చెరువు ఫోటోనో పెట్టి, లైక్ కొట్టి షేర్ చేస్తే శుభవార్త వింటారని రాసే పేజీలు మన అందరి ఫోన్లలోనూ తారసపడతాయి. భక్తితో కొట్టిన లైకులు వేలల్లో చేరాక, ఆ పేజీ పేరు మార్చి, ఉద్యోగాల ప్రకటనలకో, అప్పుల యాప్‌లకో, బెట్టింగుకో వాడుకునే పద్ధతి ఉంది. ఇలా లైకుల కోసం వలవేసే పోస్టుల వ్యాప్తిని తగ్గిస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది, అవి మాత్రం ఆగలేదు. అనుమానం వచ్చిన పేజీలో అబౌట్ దగ్గర "పేజ్ ట్రాన్స్‌పరెన్సీ" నొక్కండి. ఆ పేజీ ఏ రోజున పుట్టింది, ఇప్పటివరకు ఎన్నిసార్లు పేరు మార్చుకుంది అన్న చరిత్ర అక్కడ ఉంటుంది. దేవుడి పేరుతో మొదలై లోన్ల పేరుతో నడుస్తున్న పేజీని తీసివేయడానికి ఇంకో కారణం వెతకనక్కరలేదు. అప్పటికే అలాంటి పేజీ ద్వారా డబ్బు పోగొట్టుకుని ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోను చేయండి.

సరదా పరీక్షల యాప్‌ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఫేస్‌బుక్ వాడేవారి వివరాలు ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్ ద్వారా కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సలహా సంస్థకు చేరాయని 2018లో బయటపడిన వ్యవహారంలో, మన దేశంలో ఆ యాప్‌ను పెట్టుకున్నవారు 335 మందే. అప్పటి నిబంధనల ప్రకారం స్నేహితుల వివరాలు కూడా యాప్‌కు చేరేవి కాబట్టి, దాని ప్రభావం దాదాపు 5.62 లక్షల మంది మీద పడి ఉండవచ్చని ఫేస్‌బుక్ స్వయంగా చెప్పింది. సేకరించిన వాటిలో పేజీ లైకులు ముఖ్యమైనవి. సెట్టింగ్స్‌లో "యాప్స్ అండ్ వెబ్‌సైట్స్" తెరిచి, గుర్తులేని ప్రతి పేరునూ తీసివేయండి.

ఐదవ పని: బ్రౌజర్‌ను సరిచేయండి

మనలో చాలామంది ఫోనులో వాడేది క్రోమ్. అందులో సెట్టింగ్స్, తర్వాత ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో థర్డ్ పార్టీ కుకీస్ (మీరు తెరిచిన వెబ్‌సైట్ కాక వేరే సంస్థలు పెట్టే కుకీలు) తెరిచి, వాటిని నిరోధించమని ఎంచుకోండి. ఐఫోన్లలోని సఫారీ బ్రౌజర్ 2020 మార్చి నుంచి ఈ పనిని తానే చేస్తున్నది, ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ ఒక్కో వెబ్‌సైట్ కుకీలను విడివిడి డబ్బాల్లో పెట్టి, ఒకరిది మరొకరికి అందకుండా చూస్తుంది. క్రోమ్ కూడా అలా చేస్తుందని గూగుల్ కొన్నేళ్లు చెప్పి, చివరకు ఆ ఆలోచన విరమించుకుంది కనుక, అక్కడ మన చేత్తో మనమే మార్చుకోవాలి. ఫేస్‌బుక్‌ను ఒక బ్రౌజర్‌లోనూ, వార్తలూ కొనుగోళ్లూ మరొక బ్రౌజర్‌లోనూ చూసుకోవడం ఇంకా మేలు.

ఫేస్‌బుక్ యాప్‌లో ఏదైనా లింకు నొక్కితే, అది మీ బ్రౌజర్‌లో కాక యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుందని గమనించారా? అక్కడ తెరిచిన పేజీల జాబితాను 30 రోజులపాటు ఉంచే "లింక్ హిస్టరీ" అనే ఏర్పాటు ఉంది, ఆ సమాచారాన్ని ప్రకటనలకు వాడవచ్చని మెటాయే చెబుతున్నది. లింకు తెరిచినప్పుడు కనిపించే మూడు చుక్కల్లో బ్రౌజర్ సెట్టింగ్స్‌కు వెళ్లి దాన్ని ఆపివేయవచ్చు. ముఖ్యమైనదేదైనా, ముఖ్యంగా ఆరోగ్యానికి, అప్పుకు సంబంధించినది అయితే, లింకును కాపీ చేసి బయటి బ్రౌజర్‌లో తెరవండి.

బ్రౌజర్ సరిచేస్తే అంతా అయిపోతుందని మాత్రం చెప్పలేను. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్రౌజర్‌లోని పిక్సెల్ కోడు, అదే ఫోనులో వెనుక నడుస్తున్న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లతో లోపలి దారిన మాట్లాడుకుంటున్నదని 2025 జూన్‌లో యూరప్ పరిశోధకులు బయటపెట్టారు. కుకీలు తుడిచినా ఆ దారిన మనిషి గుర్తింపు యాప్‌కు చేరిపోయేది. విషయం బయటపడిన రోజుల్లోనే మెటా దాన్ని ఆపివేసింది. ఎప్పుడో ఒకసారి చూసే యాప్‌ను తీసివేసి, బ్రౌజర్‌లోనే ఆ పని చేసుకోమని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఆరవ పని: షేర్ చేసే లింకు తోక కోయండి

యూట్యూబ్ నుంచి వాట్సాప్‌లో ఒక వీడియో పంపేటప్పుడు, లింకు చివర ప్రశ్నార్థకం, దాని వెనుక "ఎస్ఐ" అని మొదలయ్యే పొడవాటి అక్షరాల తోక ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్ లింకుల్లో అది "ఐజీఎస్‌హెచ్" అని, ఫేస్‌బుక్ నుంచి బయటికి వెళ్లే లింకుల్లో "ఎఫ్‌బీసీఎల్ఐడీ" అని ఉంటుంది. వీడియో తెరుచుకోవడానికి ఆ తోక అవసరం లేదు. ఎవరు పంపిన లింకును ఎవరు తెరిచారో కలిపి చూసుకోవడానికి పనికివచ్చే గుర్తు అది. పంపే ముందు ప్రశ్నార్థకం నుంచి చివరిదాకా చెరిపివేయండి. యూట్యూబ్ పూర్తి లింకులో మాత్రం ప్రశ్నార్థకం తర్వాత "వి" తో మొదలయ్యేది వీడియో నంబరు, దాన్ని ఉంచి, ఆ తర్వాతి "&" గుర్తు నుంచి చెరపండి.

ఫోను మొత్తానికి సంబంధించినది ఇంకొకటి మిగిలింది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ తెరిస్తే "డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ" (ప్రకటనల కోసం మీ ఫోనుకు ఇచ్చిన గుర్తింపు సంఖ్యను తీసివేయడం) ఉంటుంది, నొక్కివేయండి. గూగుల్ ప్రకటనలకు మై యాడ్ సెంటర్‌లో వ్యక్తిగత ప్రకటనలను ఆపవచ్చు.

పిల్లల ఫోనులు, దుకాణాల వెబ్‌సైట్లు

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని వెంటాడి గమనించడాన్నీ, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్నీ నిషేధిస్తుంది. సమ్మతి ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలని కూడా చెబుతుంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధానమైన బాధ్యతలు అమలులోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ రక్షణ అందాలంటే ఖాతాలో పిల్లల అసలు పుట్టిన తేదీ ఉండాలి. పదమూడేళ్ల పిల్లవాడికి ఇరవై రెండేళ్లని రాసి ఖాతా తెరిపించిన తల్లిదండ్రులు ఆ తేదీని ముందు సరిదిద్దాలి.

మీకు దుకాణమో, హోటలో ఉండి దానికి వెబ్‌సైట్ నడుపుతుంటే, అవతలి సంస్థ బటన్‌ను కోడుతో అతికించకుండా, మీ ఫేస్‌బుక్ పేజీకి తీసుకెళ్లే మామూలు లింకును ఒక బొమ్మ కింద పెట్టించండి. అలా చేస్తే నొక్కినవారి సంగతి మాత్రమే అవతలికి వెళుతుంది. జర్మనీలోని ఒక బట్టల వెబ్‌సైట్ కేసులో, లైక్ బటన్‌ను అతికించుకున్న వెబ్‌సైట్ కూడా ఆ సమాచార సేకరణకు ఫేస్‌బుక్‌తో పాటు బాధ్యురాలేనని యూరప్ న్యాయస్థానం 2019 జూలై 29న తీర్పు చెప్పింది. ఆ తీర్పు మనకు వర్తించదు, కానీ వెబ్‌సైట్ చేసిచ్చే కుర్రవాడిని అందులో ఏ పిక్సెల్ పెట్టావు, ఎందుకు పెట్టావు అని అడగడానికి తీర్పుతో పనిలేదు. చీరల దుకాణం వెబ్‌సైట్‌లో నేను అడిగినప్పుడు, ఎవరూ కోరకుండానే పెట్టిన కోడులు మూడు బయటపడ్డాయి. రెండు తీయించాను.

ఆ రాత్రి చిన్నాన్న ఫోనులో ఇందులో సగం పనులు చేసేసరికి పదకొండు దాటింది. ఏరేటర్ల ప్రకటనలు వారం రోజుల్లో పలచబడ్డాయి, వాటి చోట సంబంధం లేని కుంకుమపువ్వు క్రీములు, ఇంగ్లీషు కోర్సులు వచ్చాయి. రొయ్యల మేత ప్రకటనలు మాత్రం తగ్గలేదు. కారణం వెతికితే, ఒక మేత డీలరు పేజీకి ఆయన ఎప్పుడో కొట్టిన లైక్ తేలింది. తీసివేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. రొయ్యల కౌంటు ధరలు అందరికన్నా ముందు ఆ పేజీలోనే తెలుస్తాయట.